తాతయ్యకు సహించని పండుగప్ప పులుసు

నా చిన్నప్పుడు సోమవారం వచ్చిందంటే మా అరుగు సముద్రం వాసన వేసేది. మాది నరసాపురం. సముద్రం అక్కడికి దగ్గరే కానీ, ఇంట్లోకి వాసన వచ్చేంత దగ్గర కాదు. ఆ వాసన మా తాతయ్య దగ్గరికి బాగుచేయించడానికి తెచ్చే గేలం రీళ్ళది. ఆదివారం అంతర్వేది వైపు, గోదావరి సముద్రంలో కలిసే చోటికి సరదాగా చేపల వేటకు వెళ్ళినవాళ్ళు మర్నాడు పొద్దున్నే మా ఇంటికి వచ్చేవారు. పాలకొల్లు నుంచి ఒక డాక్టరుగారు, తణుకు పంచదార ఫ్యాక్టరీలో పనిచేసే ఇంజనీరుగారు, ధవళేశ్వరం కాలవల ఆఫీసు నుంచి ఇద్దరు ముగ్గురు. ఆదివారం తాతయ్య పనిముట్లు ముట్టుకునేవారు కాదు. పొద్దున్న చర్చికి వెళ్ళడం, మధ్యాహ్నం పడుకోవడం, అంతే. అందుకని అందరూ సోమవారమే వచ్చేవారు.

అప్పట్లో అలాంటి రీళ్ళు మా ఊరి బజారులో దొరికేవి కావు. కాకినాడ రేవుకొచ్చే ఓడల వాళ్ళ దగ్గర కొనుక్కుని, పసిపిల్లల్లా చూసుకునేవారు. కర్రకు కింద వేలాడేది ఆ రీలు. ముందువైపు దారం చుట్టుకునే గిన్నె, దాని చుట్టూ తిరిగే తీగ కమ్మీ, పక్కన చేతిపిడి. పిడి తిప్పితే కమ్మీ గిరగిరా తిరుగుతూ దారాన్ని గిన్నెకు చుట్టేస్తుంది. ఎంత మంచి రీలైనా ఉప్పునీళ్ళకు లోకువే. ఒక్క పూట సముద్రం దగ్గర వాడి, మంచినీళ్ళతో కడక్కుండా వదిలేస్తే లోపల పళ్ళచక్రాల మీద తెల్లగా ఉప్పు పేరుకుపోతుంది. ఇసక రేణువు ఒక్కటి దూరినా పిడి తిప్పినప్పుడల్లా కరకరమంటుంది.

మా తాతయ్య కాకినాడ రేవులో లాంచీల ఇంజన్లు బాగుచేసి రిటైరైన మనిషి. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, రీలు విప్పి, ఒక్కొక్క ముక్కనూ విప్పిన వరుసలోనే పేర్చేవారు. పాత పళ్ళ బ్రష్షుతో కిరోసిన్‌లో కడిగి, ఆరబెట్టి, కొత్త గ్రీజు అగ్గిపుల్లతో అద్ది, మళ్ళీ బిగించేవారు. నేను బడి నుంచి రాగానే ఆ బల్ల పక్కన చేరేదాన్ని. నాకు ఆ పని మీద చెప్పలేనంత ఆశ. కానీ తాతయ్య నాకిచ్చిన పని కడిగిన ముక్కల్ని గుడ్డతో తుడవడం మాత్రమే.

అసలైన పని మా పక్కింటి అక్కకు దక్కేది. కమ్మీ తెరుచుకోవడానికీ మూసుకోవడానికీ లోపల ఒక చిన్న స్ప్రింగు ఉంటుంది. దాన్ని వంచి పట్టుకుని, ఒక కొనను ఒక చిల్లులో, రెండో కొనను ఇంకో చిల్లులో ఒకేసారి దూర్చాలి. ఏమాత్రం పట్టు తప్పినా ఎగిరి ఎక్కడ పడుతుందో తెలియదు. తాతయ్య వేళ్ళు లావు. పక్కింటి అక్క వేళ్ళు అప్పటికే లేసు అల్లీ అల్లీ సన్నగా, నిలకడగా ఉండేవి. స్ప్రింగు దగ్గరికి వచ్చేసరికి తాతయ్య గోడ మీద నుంచి పిలిచేవారు. అక్క చేతిలో లేసు అక్కడే పెట్టి, చెమట చెయ్యి ఓణీకి తుడుచుకుంటూ వచ్చేది. ఊపిరి బిగపట్టి, నాలుక కొన పంటి కింద పెట్టుకుని, టక్కున పెట్టేసేది. తాతయ్య ఆ రీలు తిప్పి చూసి, తృప్తిగా తలాడించేవారు. ఆ తలాడించడం నాకోసం ఎప్పుడూ జరగలేదు.

నాకు ఒళ్ళు మండిపోయేది. అక్క నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది, నాతో ఎప్పుడూ మంచిగానే ఉండేది. జడ వేసేది, చింతకాయలు ఉప్పద్ది పెట్టేది. అయినా ఆమె మా అరుగు ఎక్కితే చాలు, చేతిలో ముక్కను గుడ్డతో ఇంకా గట్టిగా రుద్దేదాన్ని. మా తాతయ్య, మా బల్ల, మా రీళ్ళు, మధ్యలో ఆమె ఎవరని అనుకునేదాన్ని. ఆమె చేతిలోంచి ఒక్కసారైనా ఆ స్ప్రింగు ఎగిరిపోతే బాగుండునని కోరుకునేదాన్ని. అది ఎప్పుడూ ఎగరలేదు. దాంతో నా మంట ఇంకాస్త పెరిగేది.

ఇలా ఉండగా పాలకొల్లు డాక్టరుగారి రీలు తాతయ్యను ఇబ్బంది పెట్టడం మొదలుపెట్టింది. చిన్న చేప పడితే బాగానే లాగుతోంది. పెద్ద చేప పడిందంటే మాత్రం దారం తెగిపోతోంది. ఒకసారి, రెండుసార్లు కాదు, పడిన ప్రతిసారీ అదే గతి. తాతయ్య మొదట బిగువు ఎక్కువైందనుకుని, గిన్నె కింద ఉండే తోలు బిళ్ళలు మార్చారు. చేప గట్టిగా లాగినప్పుడు గిన్నె కాస్త జారి దారం వదలాలి, లేకపోతే తెగుతుంది. ఆ జారుడు సరిచేసి పంపారు. మళ్ళీ తెగింది. ఈసారి మొత్తం విప్పి, పళ్ళచక్రాలన్నీ కడిగి, కమ్మీ అంచులు వేలితో తడిమి తడిమి చూశారు. ఎక్కడా లోపం కనిపించలేదు. పక్కింటి అక్క స్ప్రింగు పెట్టింది, తాతయ్య తలాడించారు, డాక్టరుగారు తీసుకెళ్ళారు. ఆ ఆదివారమూ తెగింది.

డాక్టరుగారు ఆ తరువాత రాలేదు. కొన్నాళ్ళకు ఎవరో చెప్పారు, ఆయన ఆ రీలు బస్టాండు దగ్గర గడియారాల అబ్బాయికి ఇచ్చారని.

గడియారాల అబ్బాయంటే మా ఇంటికి కొత్త మనిషి కాదు. మా అరుగు మీదే, తాతయ్య పక్కనే కూర్చుని చాలా ఏళ్ళు పని నేర్చుకున్నాడు. అమ్మమ్మ అతనికి రోజూ మధ్యాహ్నం అన్నం పెట్టేది. తరువాత బస్టాండు దగ్గర సొంతంగా గడియారాలు, టార్చిలైట్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. పెట్టుకునే ముందు తాతయ్యకు మాట చెప్పలేదు. అందుకని తాతయ్య ఆ కొట్టు వైపు వెళ్ళేవారు కాదు, అతనూ మా వీధికి రావడం మానేశాడు. ఇద్దరూ చర్చిలో ఎదురుపడితే నమస్కారాల వరకే.

ఒక సోమవారం, బడికి సెలవు. పొద్దున్న పక్కింటి అక్క వచ్చి వరుసగా రీళ్ళకు స్ప్రింగులు పెడుతుంటే నేను గుడ్డ చేతిలో పట్టుకుని ఆమె వేళ్ళవైపే చూస్తూ కూర్చున్నాను. ఆమె పని ముగించి వెళ్ళిన కాసేపటికి డాక్టరుగారు వచ్చారు. చేతిలో అరిటాకులో చుట్టిన పొట్లం. నిన్న పెద్ద పండుగప్ప పడిందనీ, దారం తెగలేదనీ, మీరు కూడా తినాలని సగం తెచ్చాననీ ఎంతో ఆప్యాయంగా చెప్పారు. రీలు ఎవరు బాగుచేశారో ఆయన చెప్పలేదు, తాతయ్య అడగలేదు. ఆయన మంచి మనసుతోనే తెచ్చారు. అదే తాతయ్యకు ఎక్కువ కష్టమనిపించి ఉంటుంది. కోపగించుకోవడానికి కూడా వీల్లేని మర్యాద అది.

అమ్మమ్మ ఆ చేపను మామిడికాయ వేసి పులుసు పెట్టింది. ఇల్లంతా ఘుమఘుమలాడింది. తాతయ్యకు పండుగప్ప అంటే ప్రాణం. ఆయన కంచం ముందు కూర్చుని, ముక్క వేయించుకుని, అన్నం కలిపి, అలాగే చూస్తూ ఉండిపోయారు. నేను నా ముక్క తినేసి ఆయన కంచం వైపు చూస్తున్నాను. అమ్మమ్మ ఇంకో గరిటె పులుసు పోయబోయి ఆగింది.

"ముల్లు గుచ్చుకుందా ఏంటండీ, అలా కూర్చున్నారు?"

"ముల్లు చేపలో లేదు" అన్నారు తాతయ్య.

కంచం పక్కకు జరిపి, చెయ్యి కడుక్కుని లేచారు. ఆయన ముఖం అప్పుడు నేను బాగా చూశాను. దవడ బిగుసుకుని, కళ్ళు ఒకచోట నిలవకుండా ఉన్నాయి. పొద్దున్న అరుగు మీద నా ముఖం ఎలా ఉండి ఉంటుందో నాకు లోపల్నుంచి తెలుసు. అది ఇదే ముఖం. అంత పెద్ద మనిషికి, అందరూ గారు అని పిలిచే మా తాతయ్యకు, నాకొచ్చే రోగమే వచ్చిందని తెలిసి నాకు భయమేసింది. ఏదో తోడు దొరికినట్టు కూడా అనిపించింది.

తాతయ్య చొక్కా వేసుకుని, గొడుగు తీసుకుని, నన్ను చూసి పద అన్నారు. ఎక్కడికని అమ్మమ్మ అడిగింది. బస్టాండు దాకా అన్నారు. అమ్మమ్మ గుమ్మం దాకా వచ్చి నిలబడింది. ఆ ఎండలో గొడుగు కింద నడుస్తున్నంతసేపూ నేను గొడవ జరుగుతుందనే అనుకున్నాను. తాతయ్య ఏమంటారో, ఆ అబ్బాయి ఏమంటాడో, చుట్టూ జనం ఎలా మూగుతారో అన్నీ ఊహించుకున్నాను. నిజం చెప్పాలంటే కాస్త ఉత్సాహంగానే ఉంది.

గడియారాల అబ్బాయి కంటికి భూతద్దం పెట్టుకుని ఏదో వాచీ మీద వంగి ఉన్నాడు. తల ఎత్తి, తాతయ్యను చూసి, భూతద్దం తీయడం కూడా మరిచిపోయి లేచి నిలబడ్డాడు. తాతయ్య గొడుగు ముడిచి, అక్కడున్న చిన్న బల్ల మీద కూర్చున్నారు.

"డాక్టరుగారు చేప పంపారురా. నాకు సహించలేదు" అన్నారు తాతయ్య. "నీ మీద కుళ్ళుగా ఉంది. ఆ రీలుకి ఏం చేశావో నాకు చూపించు."

ఆ మాట ఆయన మామూలుగా, దాహమేసింది కాసిని మంచినీళ్ళివ్వు అన్నట్టు అన్నారు. గొంతులో వెటకారం లేదు. ఆ అబ్బాయి ముఖం ఎర్రబడిపోయింది. కూర్చోవాలో నిలబడాలో తెలియక భూతద్దం తీసి జేబులో పెట్టుకుని, మళ్ళీ బయటకు తీశాడు.

"నేనే మీ దగ్గరికి తీసుకొద్దామనుకున్నానండి మాస్టారూ. మీ వీధి మొదటి దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయాను. మీరు కోపంగా ఉన్నారనుకున్నానండి."

"కోపం అనే అనుకున్నాను నేనూ" అన్నారు తాతయ్య. "ఇవాళ అన్నం ముందు కూర్చున్నాక తెలిసింది, అది కోపం కాదని."

ఆ తరువాత వాళ్ళిద్దరూ ఎంతసేపు కూర్చున్నారో నాకు తెలియదు. డాక్టరుగారిదే ఇంకో రీలు, అలాంటిదే, అతని దగ్గర ఉంది. కమ్మీ చివర, దారం ఒరుసుకుంటూ వెళ్ళే చోట ఒక బుల్లి రోలరు ఉంటుంది. దారం లాగినప్పుడు అది తిరగాలి. గడియారాల అబ్బాయి వేలితో దాన్ని తిప్పి చూపించాడు. హాయిగా తిరిగింది. తాతయ్య కూడా అలాగే తిప్పి చూశారట, అందుకే దాని మీద అనుమానం రాలేదు. అప్పుడతను దారాన్ని కొట్టు పైకప్పు దూలం మీదుగా వేసి, చివర పాత తూకం రాయి కట్టాడు. డాక్టరుగారి మొదటి రీల్లోంచి తీసేసిన అరిగిపోయిన చిన్న గొట్టాన్ని ఈ రోలరు లోపల పెట్టి, పిడి తిప్పమని తాతయ్యకు ఇచ్చాడు. రాయి మెల్లగా పైకి లేచింది. రోలరు కదల్లేదు. బరువు లేనప్పుడు తిరిగేది బరువు పడగానే బిగుసుకుపోతోంది. దారం దాని మీద రాసుకుంటూ, కోసుకుంటూ పోతోంది.

లోపలి గొట్టాన్ని ఉప్పు తినేసింది. పైకి ఏమీ కనిపించదు. అతను పాత గడియారంలోని ఇత్తడి ముక్కను అరగదీసి కొత్త గొట్టం చేసి ఆ మొదటి రీలుకి వేశాడట. అలాంటిదే ఇంకొకటి ఈ రోలరుకీ వేసి తిప్పి చూపిస్తే, రాయి అంత బరువులోనూ రోలరు గిర్రున తిరిగింది.

తాతయ్య ఆ పాత గొట్టాన్ని అందుకుని గోటితో గీరి చూశారు. వెంట్రుకంత గాడి ఉన్నట్టుంది. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. బిగుసుకున్న దవడ ఎప్పుడు సడలిందో నేను గమనించనేలేదు. ఆయన ఆ రాయినీ దూలాన్నీ చూస్తూ, బల్ల మీద పెట్టి తిప్పి చూడటమే నాకు అలవాటైపోయిందిరా, చేప బల్ల మీద ఉండదు కదా అన్నారు. ఆ అబ్బాయి నవ్వాడు. తాతయ్యా నవ్వారు. ఇద్దరూ పక్కన హోటల్ నుంచి టీ తెప్పించుకుని తాగారు. నాకు బన్ను ఇప్పించారు. గొడవ జరగలేదని నాకు కాస్త నిరాశగానే ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు ఎండ తగ్గింది. తాతయ్య గొడుగు తెరవలేదు. నడుస్తూ నడుస్తూ అన్నారు.

"కుళ్ళు వచ్చినప్పుడు కళ్ళు బాగా పనిచేస్తాయే అమ్మడూ. ఎదుటివాళ్ళ చేతిలో ఏముందో అంత శ్రద్ధగా మామూలప్పుడు చూడం. ఆ చూపుని ఇంట్లో కూర్చుని పాడుచేసుకోకూడదు. వాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చోవాలి." కాస్త ఆగి, "పొద్దున్న పక్కింటి పిల్లని నువ్వు చూసిన చూపు నేను చూశాను" అన్నారు.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. కానీ ఆయన తిట్టలేదు. నా తల మీద చెయ్యి వేసి, అది మన ఇంటి చూపే, నా దగ్గర్నుంచే వచ్చింది అన్నారు.

ఇంటికి రాగానే నేను ఆగలేకపోయాను. తాతయ్య చేసినట్టే చేయాలని నేరుగా పక్కింటికి పరిగెత్తాను. అక్క వెనకవైపు మెట్టు మీద కూర్చుని లేసు అల్లుతోంది. నేను ఆమె ఎదురుగా నిలబడి, తాతయ్య గొంతు తెచ్చిపెట్టుకుని అనేశాను. నీ మీద నాకు కుళ్ళుగా ఉందక్కా, ఆ స్ప్రింగు ఎలా పెడతావో నాకు నేర్పు అని. ఆమె నవ్వేస్తుందనీ, చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంటుందనీ అనుకున్నాను. గడియారాల అబ్బాయి చేసినట్టే ఈమె కూడా చేస్తుందనుకున్నాను.

అక్క చేతిలో సూది ఆగిపోయింది. నా వైపు చూసింది. ఆమె ముఖంలో కోపం లేదు, కానీ నవ్వూ లేదు.

"నీకు మీ తాతయ్య ఉన్నారు. బడి ఉంది. పుస్తకాలున్నాయి. నాకు ఆ స్ప్రింగు పని ఒక్కటే ఉంది చెల్లీ. అది కూడా నీకే ఇచ్చేయమంటావా?"

అంతే అని మళ్ళీ లేసు అందుకుంది.

ఆమె ఏడో తరగతితో బడి మానేసిందని నాకు తెలుసు. వాళ్ళ నాన్నకు ఒంట్లో బాగుండదనీ, ఇంట్లో ఆడవాళ్ళందరూ లేసు అల్లితేనే పూట గడుస్తుందనీ తెలుసు. తెలుసు కానీ, వాటిని ఎప్పుడూ ఒకచోట పెట్టి చూడలేదు. అంత శ్రద్ధగా ఆమె వేళ్ళను చూసిన నేను, ఆ వేళ్ళు తప్ప ఆమెను చూడలేదు. నేను మెల్లగా ఇంటికి వచ్చేశాను.

తాతయ్యకు జరిగింది చెప్పాను. ఏదో ఒక మాట చెప్పి సర్దుతారనుకున్నాను. ఆయన "అది నేనూ ఆలోచించలేదే" అన్నారు. పెద్దవాళ్ళకు కూడా జవాబు తెలియని సంగతులుంటాయని నాకు తెలిసింది ఆ సాయంత్రమే. ఆయన దానికి సిగ్గుపడకపోవడం నాకింకా గుర్తు.

తరువాత నా కుళ్ళు పోయిందా అంటే, పోలేదు. అక్క వచ్చి స్ప్రింగు పెట్టిన ప్రతిసారీ అది మళ్ళీ తల ఎత్తేది. కానీ నేను గుడ్డతో ముక్కలు తుడిచి, ఆమె చేతికి అందే చోట వరుసగా పెట్టడం మొదలుపెట్టాను. స్ప్రింగు ఎగిరిపోవాలని కోరుకోవడం మానేశాను. కోరుకోకూడదని కాదు, ఇక కోరుకోబుద్ధి కాలేదు. వానాకాలం వెళ్ళాక ఒకరోజు ఆమే నన్ను పిలిచి, మూత ఎలా విప్పాలో, గ్రీజు ఎక్కడ ఎంత అద్దాలో చూపించింది. స్ప్రింగు మాత్రం తనే పెట్టింది. నేను అడగలేదు, ఆమె ఇవ్వలేదు. మా మధ్య అది అలాగే ఉండిపోయింది, మాకు ఏ కష్టమూ కలగలేదు.

తాతయ్య చూపు మందగించాక ఆ బల్ల పని అక్కదే అయ్యింది. గడియారాల అబ్బాయి వారానికోసారి వచ్చి చూసి వెళ్ళేవాడు. అక్క పెళ్ళి చేసుకుని అంతర్వేది దారిలో ఉన్న పల్లెకు వెళ్ళినా ఆ పని వదల్లేదు. ఇప్పుడు భీమవరం నుంచి రొయ్యల చెరువుల వాళ్ళు కార్లలో వచ్చి, చాలా ఖరీదైన రీళ్ళు ఆమె ముందు పెట్టి, ఎప్పుడిస్తారండీ అని వినయంగా అడుగుతారు. నేను చదువుకుని పంతులమ్మనయ్యాను, రిటైరు కూడా అయిపోయాను.

అసూయ వయసుతో పాటు పోతుందనుకున్నాను. పోలేదు. నేను ఉద్యోగంలో ఉండగా, మా బడిలో కొత్తగా వచ్చిన చిన్న టీచరు క్లాసులో పిల్లలు ఊపిరి బిగపట్టి లెక్కలు వింటుంటే, వరండాలో నడుస్తున్న నాకు గుండెలో కలుక్కుమంది. మర్నాడే ఆమె క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని, నాకు కుళ్ళుగా ఉందమ్మా, ఎలా చెబుతున్నావో చూద్దామని వచ్చాను అన్నాను. ఆమె కంగారుపడింది, తరువాత నాకు బోలెడు నేర్పింది. మా తోడికోడలి ఆవకాయ విషయంలో అలాగే చేశాను. చర్చిలో నాకంటే బాగా పాడే పిల్ల దగ్గరా అంతే.

కానీ ఇప్పటికీ అలా ఎవరి గుమ్మం ముందుకైనా వెళ్ళినప్పుడు, పిలిచే ముందు ఒక్క క్షణం ఆగుతాను. నేను అడగబోయేది ఈ మనిషికున్న ఒకే ఒక్కటి కాదు కదా అని చూసుకుంటాను. కాదనిపిస్తే లోపలికి వెళ్ళి, నాకు కుళ్ళుగా ఉందని చెప్పి కూర్చుంటాను. అవుననిపిస్తే, చాలా బాగా చేశావని మాత్రం చెప్పి, ఆ కుళ్ళును నాతోనే పెట్టుకుని ఇంటికి వచ్చేస్తాను.